ఎవులు సూసినారు?

అప్పలసూరి పిరికివాడని ఊళ్లో అందరికీ తెలుసు. ఆయనా దాచుకునేవాడు కాదు. ఉరిమితే పశువుల శాలలోకి దూరేవాడు. ఏట్లో మొలలోతు నీళ్లున్నాయంటే అవతలి ఒడ్డు పని ఆ రోజుకి మానుకునేవాడు. ఖాకీ బట్ట కనబడితే చాలు, అది పోస్టుమాన్‌దైనా సరే, దారి తప్పుకుని చెరుకుతోటలో నిలబడేవాడు. భార్య జగ్గమ్మ దీనికి సరిగ్గా ఎదురు. పాము కనిపిస్తే ముందు కర్ర అందుకుని, ఆ తర్వాత కేకేసే మనిషి. "మీసం మా మావది, గుండికాయ నాది" అని నలుగురిలో అనేసేది. ఆయన కూడా ఆ నలుగురితో కలిసి నవ్వేవాడు.

ఆయనకి పంచాయతీ రేడియో అప్పగించడానికి కారణం ఆ పిరికితనమే. ఆమదాలవలస స్టేషనుకి ఉత్తరంగా, ఏటి గట్టున ఉండే చిన్న ఊరు మాది. గవర్నమెంటు వాళ్లు బ్యాటరీ మీద నడిచే రేడియో ఒకటీ, గుంజకి కట్టే లౌడుస్పీకరు ఒకటీ ఇచ్చారు. మొదట దాన్ని చూసుకున్న కుర్రాడు పెళ్లిళ్లకీ పేరంటాలకీ మోగించి బ్యాటరీ చంపేశాడు. "భయపడేవోడి సేతిలో వస్తువు సెడిపోదు" అని పంచాయతీ ప్రెసిడెంటు తాళంచెవి తెచ్చి అప్పలసూరి చేతిలో పెట్టాడు. నాలుగెకరాల వరి, గట్టు మీద కాస్త గోగునార, ఇంట్లో ఒక్కగానొక్క కూతురు పద్మకుమారి. ఆ బతుకులోకి రేడియో వచ్చి చేరింది.

రోజూ పొద్దు వాలే వేళకి రేడియోని పెట్టెలోంచి తీసి, తుడిచి, మీట తిప్పేవాడు. జనం పాటలకి వచ్చేవాళ్లు, వార్తలకి లేచి పోయేవాళ్లు. ఆయన మాత్రం చివరిదాకా వినేవాడు. పాకిస్తాను యుద్ధం విన్నాడు. బీహారులో కరువు విన్నాడు. ఎక్కడో విమానం కూలిందని విన్న రోజు అన్నం సయించక చేయి కడుక్కున్నాడు.

"ఎక్కడో కూలితే నీ కూడుకేటైనాది మావా?" అనేది జగ్గమ్మ.

"మన మీదా తిరుగుతాయి గదే అవి" అనేవాడు.

నలుగురికీ తెలియాల్సినవి తెలుసుకోవడం మంచిదని ఊరికొచ్చిన ఆఫీసర్లు చెప్పేవారు. అప్పలసూరికి మాత్రం తెలిసినకొద్దీ భయపడాల్సిన చోట్లు పెరిగాయి.

అరవై ఎనిమిది వేసవిలో ఏటి మీద వంతెన పని జోరుగా సాగుతోంది. ఇసుక తేలిన చోట పెద్దపెద్ద గుండ్రటి సిమెంటు బావుల్ని భూమిలోకి దింపుతున్నారు. స్తంభాలు వాటి మీదే లేస్తాయట. ఉగాది దాటాక ఆ బావుల్లో ఒకటి ఒక పక్కకి ఒరిగిపోయింది. అది నిజం. మా గట్టు మీద నిలబడితే కనిపించేది. దాని వెనకాలే ఇంకో మాట వచ్చింది. ఏరు బలి అడుగుతోందనీ, పసిపిల్లల తలలు పడితే తప్ప బావి నిలవదనీ, గోనెసంచులతో మనుషులు బయల్దేరారనీ.

ఆ మాట ఎవరు తెచ్చారో చెప్పలేం. సంత నుంచి ఉప్పుతోనూ ఎండుచేపలతోనూ కలిసి వచ్చింది. పొద్దున్న ఒక పిల్ల పోయిందన్నవాళ్లే మధ్యాహ్నానికి ఊరికొక పిల్ల అన్నారు. బడికి వెళ్లే పిల్లలు ఆగిపోయారు. ఆడవాళ్లు నీళ్లకి గుంపుగా వెళ్లి గుంపుగా వచ్చేవారు. బిచ్చగాళ్లు మా దారి మానేశారు. పట్టపగలే తలుపులకి గడియలు పడ్డాయి. పాము ముందు నిలబడే జగ్గమ్మ కూడా పద్మకుమారి పరికిణీ అంచు తన చీర కొంగుకి ముడేసుకుని పొయ్యి దగ్గర కూర్చునేది. అది చూశాక అప్పలసూరికి భయం రెట్టింపైంది. జగ్గమ్మే భయపడిందంటే ఇక లోకంలో భయపడకూడనిది ఏముంది?

జగ్గమ్మ తమ్ముడు సోములు కొడుకు ఒకరోజు మేకల వెంట వెళ్లి చీకటి పడే వేళకి రాలేదు. ఊరంతా దివిటీలతో తిరిగితే, వాడు వాళ్ల గడ్డివాములోనే నిద్రపోతూ దొరికాడు. కొడుకు దొరికాడుగానీ సోములు మునుపటి సోములు కాలేదు. కళ్లు ఎర్రబడ్డాయి. చేతిలో వెదురు గెడ వదిలేవాడు కాదు.

ఆ మర్నాడు సాయంత్రం రేడియో దగ్గరికి అందరూ వచ్చారు. పాటల కోసం కాదు.

"బావా, రేడియోలో సెప్పినారంట గదా, గుంటల్ని, పసోళ్లని జాగర్త సేసుకోమని?" అన్నాడు సోములు.

"నేదురా. నాను దినమూ ఇంటన్నాను. అలాగేటీ సెప్పనేదు."

"నువ్వు ఇననప్పుడు సెప్పుంటారు."

"నాను ఇననప్పుడు అది పెట్టిలో ఉంటాది గదరా. తాళం నాకాడే ఉన్నాది."

ఎవరూ నవ్వలేదు. కూరగాయలమ్మే కూర్మమ్మ ముందుకొచ్చింది. "వంతిన గవర్మెంటోళ్లది, రేడియో గవర్మెంటోళ్లది. ఆళ్ల గుట్టు ఆళ్లే సెప్పుకుంటారేటి?"

అప్పుడు వెనక నుంచి ఎవరో అన్నారు, "రేడియో కాసేవోడు మాత్రం ఎవుల మనిసి?"

ఆ గొంతు ఎవరిదో ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. చూడ్డానికి భయం వేసింది. మీట తిప్పి, పెట్టె మూసి, తాళం వేసి ఇంటికొచ్చాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన్ని పీడించింది మాత్రం ఆ గొంతు కాదు, కూర్మమ్మ అడిగిన మాట.

నిజంగా తనకి ఏం తెలుసు? చైనా ఉందన్నారు, ఉందనుకున్నాడు. యుద్ధం జరిగిందన్నారు, జరిగిందనుకున్నాడు. తాను పుట్టింది తుపాను ఏడాదని అమ్మ చెప్పింది, అదీ నమ్మాడు. పెట్టెలోంచి వచ్చిన గొంతు ఒకటి, సంత నుంచి వచ్చిన గొంతు ఒకటి. రెండూ ఆయన చెవిలోనే పడ్డాయి. ఒకటి నిజమనీ ఒకటి అబద్ధమనీ ఏ ధైర్యంతో ఊరికి చెప్పాడు? తలలో ఉన్నవన్నీ ఎవరో పోసినవే అయితే, వాటిని తీసేస్తే అప్పలసూరి అనేవాడు మిగులుతాడా? దుక్కి దున్నుతూ మధ్యలో ఆగి నిలబడిపోయేవాడు. ఎద్దులు వెనక్కి తిరిగి చూసేవి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లంటే వేసిన భయం కంటే ఇది పెద్ద భయం. దీనికి గడియ వేసుకోవడానికి తలుపు లేదు.

ఒక పొద్దున్న అంబలి తాగి కండువా భుజాన వేసుకున్నాడు. "వంతినకాడికి ఎల్లొస్తాను."

జగ్గమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "నీకేటైనా పూనినాదేటి? ఎందుకు?"

"సూడ్డానికి."

"సూసి ఏటి సేస్తావు?"

"తెల్దు. సూడకపోతే మాత్రం నాను బతకనేనే."

ఇసుకలో నడుస్తున్నంతసేపూ వెనక్కి పోదామనే అనుకున్నాడట. దగ్గరకొచ్చేకొద్దీ ఒరిగిన బావి ఊరి గట్టు మీది నుంచి కనిపించినదానికంటే ఎంతో పెద్దదైంది. పక్కనే తాటాకు పాకలు. కూలి వాళ్లు పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. పాకల ముందు ఇసుకలో నలుగురైదుగురు పిల్లలు గవ్వలేరుకుంటున్నారు. పిల్లల్ని బలిచ్చే చోట పిల్లలు ఆడుకుంటున్నారేమిటని ఆయన ఆశ్చర్యపోయి నిలబడి చూస్తున్నాడు. అంతలో ఒక ఆడమనిషి కెవ్వున అరిచింది. పిల్లలు ఎలకల్లా పాకల్లోకి దూరారు. ఆమె గునపం ఎత్తి పట్టుకుని ఎదురుగా వచ్చింది.

"ఎవడ్రా నువ్వు? ఆడనే నిలబడు! పోరల దిక్కు సూస్తున్నవేంది?"

అప్పలసూరి రెండు చేతులూ పైకెత్తేశాడు. ఆమె చేతిలో గునపం మొన ఒకచోట నిలవడం లేదు. పుట్టి బుద్ధెరిగాక తనని చూసి ఒక మనిషి భయపడ్డం ఆయన అదే మొదటిసారి చూశాడు.

"ఈ ఊర్లోళ్లు మా పోరల్ని పట్టుకపోయి ఏట్ల ముంచుతరంట. మాకు తెల్వదనుకుంటున్నవా?" అంది.

"మేమా తల్లీ? ఎవులు సూసినారు?"

"అందరు చెప్తున్నరు."

"సెప్పడం కాదమ్మా. ఎవులైనా సూసినారా?"

గునపం కాస్త కిందికి దిగింది, అంతే.

కేకలు విని పని చూసే మేస్త్రీ గంగరాజు వచ్చాడు. ఆయనది రాజాం పక్క. విషయం విని నవ్వలేదు, కోప్పడలేదు. అలసిపోయినట్టు తల గోక్కున్నాడు. "కింద ఒక పక్క మాను దుంగ అడ్డం పడ్డాది. ఏ కాలంలో వరదకి కొట్టుకొచ్చి పూడిపోనాదో. ఒక పక్క దిగుతాది, రెండో పక్క దిగదు, అందుకే ఒరిగినాది. తలకాయలేస్తే దుంగ కదుల్తాదేటండి? మనిషి మునిగి కొయ్యాల. రా, సూద్దువుగాని."

నిచ్చెన ఎక్కించి బావి అంచు మీద నుంచి లోపలికి చూపించాడు. అడుగున నల్లటి నీళ్లు. లోతెంతో తెలియదు. ఒక మనిషి నడుముకి తాడు కట్టుకుని ఆ నీళ్లలోకి దిగి, చాలాసేపటికి పైకొచ్చి, గుప్పెడు కుళ్లిన చెక్కముక్కలు గట్టు మీద పడేశాడు. అప్పలసూరి ఒక ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. కర్రే. కళ్లు తిరిగి, నిచ్చెన మీది నుంచి మేస్త్రీయే పట్టుకుని దింపాల్సి వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆయన అడుగులు తేలిగ్గా పడ్డాయి. చూశాను, కళ్లారా చూశాను అనుకుంటూ వచ్చాడు. మా ఊరి కళ్లాల దగ్గరికి వచ్చేసరికి కేకలు వినిపించాయి.

మండుటెండలో ఊరంతా అక్కడే ఉంది. మధ్యలో ఒక ఆడమనిషి నేల మీద కూలబడి ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది, పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఒళ్లో గుడ్డలో చుట్టిన నాలుగేళ్ల పిల్ల. ఇంత గొడవలోనూ ఆ పిల్ల కళ్లు తెరవడం లేదు. ఆమె ఏదో చెబుతోంది, ఎవరికీ అర్థం కావడం లేదు. పాణి, పాణి అన్న మాట ఒక్కటే మళ్లీ మళ్లీ వినిపిస్తోంది.

"దొరికినాది బావా!" అన్నాడు సోములు. వాడి గొంతులో సంతోషం లాంటిది ఉంది. "గుంటకి మత్తు పెట్టేసినాది సూడు. ఎంత పిలిసినా లెగడం నేదు. ఎవుల గుంటో ఏటో!"

ఎవరో అడిగారు, "సూరీ, నువ్వు వంతినకాడికి ఎల్లినావు గదా. ఈవిడ అక్కడ ఉన్నాదా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. అక్కడ చూశానంటే వంతెన మనిషని చంపేస్తారు. చూడలేదంటే మరెక్కడి దొంగో అని చంపేస్తారు. నాకు బాగా తెలిసిన మనిషి, మా చుట్టాల పిల్ల అని అబద్ధమాడితే బతుకుతుందేమో. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చిందని తర్వాత జగ్గమ్మతో చెప్పాడు. కానీ ఊరు ఈ స్థితికి వచ్చింది ఎవరో చూడనిది చూసినట్టు చెప్పినందుకే. పొద్దున్న నుంచీ తాను నడిచింది ఆ ఒక్క ముడి విప్పుకోవడానికే.

"నాను సూడనేదు. ఈవిడెవులో నాకు తెల్దు" అన్నాడు. "బావి దుంగ మీద ఒరిగినాది. అది నాను సూసినాను. గుంటలు అక్కడ ఆడుకుంటన్నారు. అదీ సూసినాను. ఈవిడ సంగతి నాకు తెల్దు. మీకూ తెల్దు. ఈ గుంటని ఎత్తుకెల్లడం ఎవులు సూసినారు? సూసినవోళ్లు ముందుకి రండి."

ముందుకి ఒక్కరూ రాలేదు. తర్వాత వెనక నుంచి, "ఆళ్ల మనిసేరా ఈడు!" అని కేక.

సోములు గెడ ఎత్తాడు. అప్పుడు అప్పలసూరి వెళ్లి ఆ మనిషి పక్కన, ఆమెకీ సోములుకీ మధ్యలో కూర్చున్నాడు. ఊళ్లో ఆ కూర్చోవడం గురించి ఎన్నో ఏళ్లు గొప్పగా చెప్పుకున్నారు. ఆయన మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. "కూకోనేదు బాబూ. కాళ్లు ఒణికి పడిపోనాను. పడ్డది ఆవిడ పక్కన, అంతే" అనేవాడు.

దెబ్బ ఆయన ఎడం చెవి మీద పడింది. సోములు ఆపుకోలేకపోయాడో, ఆపుకోదలచలేదో వాడికే తెలియదు. రక్తం చూసి గుంపు ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ సందులోంచి జగ్గమ్మ వచ్చింది. కొంగుకి ముడేసిన పద్మకుమారిని కూడా వెనకే ఈడ్చుకుంటూ వచ్చింది. తమ్ముడి చేతిలో గెడ లాక్కుని విసిరేసింది. మొగుడి మీద పడి ఏడవలేదు. ఆ పిల్ల నుదురు ముట్టుకుంది.

"మత్తేటిరా, నీ కళ్లు మండ! జొరం! గుంట ఒళ్లు పెనంలా కాలిపోతన్నాది. నీళ్లు తెండి బేగి!"

ఎవరో ముంత తెచ్చారు. తడిగుడ్డ నుదుట వేసి, నీళ్లు పెదాలకి తగిలించేసరికి ఆ పిల్ల కళ్లు తెరిచింది. చుట్టూ ఉన్న ముఖాలు చూసి బావురుమంది. "బొవు, బొవు" అంటూ తల్లి మెడని రెండు చేతులతో చుట్టేసుకుంది. ఆ భాష రానివాళ్లకి కూడా ఆ మాట అర్థమైంది.

ఇచ్ఛాపురం పక్క నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన, ఒరియా తెలిసిన గున్నమ్మని పిలుచుకొచ్చారు. పెద్దావిడ, చూపు మందం. ఆ మనిషి మాటలు విని చెప్పింది. పర్లాకిమిడి అవతల ఊరట. మొగుడు రైలు పట్టాల పనిలో ఉన్నాడట. దిగాల్సినదానికి ముందు స్టేషన్లోనే తెలియక దిగిపోయి, పిల్లకి జ్వరం వచ్చి, నీళ్ల కోసం ఊళ్లోకి వచ్చిందట.

"ఇదంతా నిజమేనా పెద్దమ్మా?" అన్నాడు సోములు.

"నాను సూసినానేటిరా? ఆవిడ సెప్పినాది, నాను సెప్పినాను" అంది గున్నమ్మ.

ఎండ తగ్గాక జగ్గమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ ఆమెని స్టేషను దాకా దిగబెట్టారు. వెళ్లేటప్పుడు అప్పలసూరి చేతులు జోడించాడు. ఆమె ఆయన్ని చూసి బెదిరి, పిల్లని రెండో భుజానికి మార్చుకుంది. ఆమెకి ఆ ఊళ్లో అందరూ ఒక్కటే.

అప్పలసూరికి ఎడం చెవి ఇక వినపడలేదు. శ్రీకాకుళం ఆసుపత్రిలో చూపించారు, లాభం లేకపోయింది. సోములు క్షమించమని అడగలేదు. చాలాకాలం మాట్లాడలేదు కూడా. "ఈసారి కాదు సరే. ఎత్తుకుపోయేవోళ్లు అసలు నేరని ఎవులన్నారు?" అని కల్లు పాకలో అనేవాడట. దుంగ కోసేశారు, బావి దిగింది, వానలకి ముందే స్తంభం లేచింది. ఆ మాట మా ఊరు వదిలి వేరే ఊళ్లకి పోయింది.

అప్పలసూరికి భయం పోయిందనుకుంటే పొరపాటు. ఉరిమితే అప్పటికీ శాలలోకే. ఒకటి మాత్రం కొత్తగా పట్టుకుంది. వార్తలు అయ్యాక మీట కట్టేసి, "ఇది రేడియో సెప్పినాది. మనం సూడనేదు" అని జనంతో అనేవాడు. సంతలో ఎవరేం చెప్పినా, "ఎవులు సూసినారు?" అనేవాడు. కుర్రాళ్లు ఆయన్ని ఆ మాటతోనే పిలవడం మొదలెట్టారు. ఆ మాట కనిపెట్టినందుకు ఆయనకి కాస్త గర్వం కూడా ఉండేదేమో.

ఆ ఏడాది కోతలప్పుడు ఆమదాలవలస సంతకి ధాన్యం తోలుకెళ్లాడు. బండ్ల దగ్గర మనుషులు మాట్లాడుకుంటున్నారు. పైన ఏదో ఊళ్లో బొంతలమ్మేవాణ్ని పిల్లల దొంగ అని చెట్టుకి కట్టేసి కొట్టి చంపేశారట. అప్పలసూరి అలవాటుగానే, "అందరూ సెప్పేదే. ఎవులు సూసినారేటి?" అన్నాడు.

బండి చక్రానికి ఆనుకుని కూర్చున్న ఒక మనిషి తలెత్తాడు. నడివయసువాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"నాను సూసినాను" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరొకరుగా జారుకున్నారు. అప్పలసూరికీ పారిపోవాలనే అనిపించింది. సూసి నువ్వేటి సేసినావు అని అడగలేదు. కొడుతుంటే చూస్తూ నిలబడ్డానన్న జవాబు ఆ మనిషి ముఖంలో ముందే ఉంది. ఎడ్లని విప్పి చెట్టు నీడన కట్టాడు. వచ్చి ఆ మనిషికి ఎడం పక్కన కూర్చున్నాడు, వినిపించే కుడి చెవి ఆయన వైపు ఉండేలా.

"సెప్పు బాబూ, సూసింది సూసినట్టు సెప్పు. నానింటాను" అన్నాడు.

సంత లేచిపోయేదాకా ఆ ఇద్దరూ అక్కడే ఉన్నారు.